నష్టచిత్రములు, పునర్లబ్ధచిత్రములు: ఒక విమర్శనము

కరీంనగరు జిల్లాలో గంగాధరకు సమీపమున కురిక్యాల యను గ్రామము కలదు. అచటి బొమ్మలగుట్ట బండపై జినవల్లభుడు చెక్కించిన శాసనమును నేటికిని చదువవచ్చును. జినవల్లభుడు కన్నడ మహాకవియగు పంపని తమ్ముడు. వేములవాడ చాళుక్యుల కాలమువాడు. సంస్కృత కన్నడ తెలుగు భాషలలో నున్న యా శాసనమున మూడు తెలుగు కందపద్యములు గలవు. క్రీస్తుశకము పదియవ శతాబ్దినాటి యా పద్యములు వేయియేండ్ల యెండవానల కోర్చి నిలిచినవి. ఆ సీమలోనే, కరీంనగరమున, 1909లో జన్మించిన పైడి జయరాజు 1929లో బొంబాయి చేరి నటించిన మూకచిత్రములు మాత్రము నూఱేండ్లైన నిండకమునుపే మఱుగుపడినవి. "జగ్‌మగాతీ జవానీ", "రసీలీ రాణీ" యను పేళ్లు మాత్రము చరిత్రగ్రంథములలో నున్నవి. చిత్రములు నేటి ప్రేక్షకునకు లభ్యములు గావు.

రాతికిని ఫిలిముకును గల భేదమిదియే యని తలయూచి యూరకుండవచ్చును. కాని తాటాకును రాయి కాదు. ఐనను మన పరిశోధకసంఘములవారు తాటాకుల కొఱకు ఊరూర తిరిగిరి, అటుకల నెక్కిరి, చెదలు తినగా మిగిలిన కట్టలను విప్పి చూచిరి. చలనచిత్రముల విషయమున నట్టి యన్వేషణము మనలో మిక్కిలి యల్పముగ జరిగినది. చలనచిత్రము వాఙ్మయము గాదు గనుక దానితో సాహిత్యపరిశోధకులకు బనిలేదని కొందఱందురు. సంభాషణమును, గీతమును, కథాసంవిధానమును, ఆంగికాభినయమును గలిగి ప్రేక్షకులయెదుట ప్రదర్శింపబడునది దృశ్యకావ్యము గాక మఱేమగునో వారు చెప్పవలసియున్నది. ఈ వ్యాసమున విచారింప దలచిన యంశములు మూడు. చిత్రము నష్టమైనదని చెప్పుట కర్థమేమి? నష్టమై మరల దొరకినదానికి విలువ కట్టుట యెట్లు? ఇంట గూర్చుండి చూడదగిన వీడియో ప్రతులకు బ్రామాణ్యమెంత?

మొదటి ప్రశ్నకు బరదేశపు టుదాహరణ మొకటి యుపకరించును. 1930లో అమెరికాలోని పారమౌంటు సంస్థవారు "ఫాలో త్రూ" యను హాస్యగీతచిత్రమును నిర్మించిరి. అంతకు ముందేడు బ్రాడ్వే రంగస్థలముపై బ్రదర్శింపబడిన సంగీతప్రహసనమే దీనికి మూలము. లారెన్స్ ష్వాబ్, లాయిడ్ కారిగన్ అను నిరువురు దర్శకులు. చిత్రమంతయు నాటి టెక్నికలరు విధానమున రంగులతో దీయబడినది. విడుదలయైన పిమ్మట నది క్రమముగ గంటికి గానరాక, చిరకాలము నష్టచిత్రముల పట్టికలో జేరియుండెను. తరువాత దాని మూలపు నెగటివు లభించుటచే గాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి చలనచిత్రభాండాగారము దానిని బునరుద్ధరించినది. కడపట నది బ్లూ-రే బిళ్లయై, కోరినవాడు కొని యింట జూచుకొనదగిన వస్తువైనది. సినిమాహాలు విడిచి పోయినది తలుపుతట్టి యింటికి వచ్చినట్లైనది.

దీనివలన దెలియవలసిన దొక్కటి. "నష్టము" అనునది చిత్రమును గుఱించిన మాట గాదు. వెదకువారి యెఱుకను గుఱించిన మాట. నన్నెచోడుని కుమారసంభవము 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు ప్రకటించువఱకు దెలుగు పండితలోకమునకు లేని గ్రంథమే. ఆ కవి పేరైన మనవారిలో నెంతమంది యెఱుగుదురు? గ్రంథము మాత్రము తాటాకులలో నున్నచోటనే యుండెను. కావున నొక చిత్రము నష్టమైనదని వ్రాయుచోట "ఇంతవఱకు దెలిసినంతలో" అను మాట చేర్చుట విమర్శకుని ధర్మము. ఆ మాట లేకపోయినచో వెదకువాని కాలికి సంకెల వేసినట్లగును.

ఐనను చలనచిత్రముల విషయమున నిరాశకు బలమైన కారణములు లేకపోలేదు. 1950 ప్రాంతమువఱకు ఫిలిమును సెల్యులోజు నైట్రేటుతో జేసెడివారు. అది శీఘ్రముగ నంటుకొను పదార్థము. అంటుకొనకున్నను గాలక్రమమున దనంతట దాను జిగురై, కడపట బొడియగును. వేడిమియు దేమయు గల మనదేశమున నీ క్షయము మఱింత శీఘ్రము. దానికి దోడు వర్తకుల లోభము. మూకచిత్రమునకు టాకీ వచ్చిన పిమ్మట బేరము లేదు. పాతఫిలిమును గరగించిన వెండి దొరకును. అమెరికాలో నిర్మింపబడిన సుమారు పదునొకండు వేల మూకకథాచిత్రములలో మొదట విడుదలయైన రూపముననే నిలిచినవి నూటికి బదునాలుగే యని అచటి కాంగ్రెసు గ్రంథాలయము 2013లో బ్రకటించినది. మనదేశమున మూకచిత్రములు పదుమూడువందలకు బైగా దయారైనవి. తునుకలతో గలిపి లెక్కించినను నిలిచినవి సుమారు ముప్పది. పూనాలో జాతీయచలనచిత్రభాండాగారము 1964లో వెలసినది. అప్పటికే మూకచిత్రయుగము గడచి ముప్పదియేండ్లు దాటినది. 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలయైన మన ప్రథమభాషణచిత్రము "ఆలం ఆరా" కూడ నేడు దొరకదు.

దొరకుటలోను దారతమ్యము లున్నవి. కొన్ని సమగ్రముగ దొరకును. కొన్నిటికి నంగములు మాత్రమే దొరకును. 1929లో వార్నరు సోదరులు తీసిన "గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ బ్రాడ్వే" యనుదాని దృశ్యభాగమున గడపటి తునుకలు తప్ప దక్కినది కానరాదు. కాని నాడు శబ్దమును ఫిలిముపై గాక వేఱుగ బెద్ద గ్రామఫోను పళ్లెములపై ముద్రించెడివారు. ఆ పళ్లెములు నిలిచినందున జిత్రమును జూడలేకున్నను వినగలము. ఇట్టి పళ్లెములను వెదకి, వానికి సరిపడు ఫిలిములతో జోడించుటకు 1991లో నమెరికాలో గొందఱు రసికులు "వైటఫోన్ ప్రాజెక్టు" అను సంఘముగా నేర్పడిరి. ఈ పని మనకు గ్రొత్త గాదు. పెదపాటి జగన్నాథకవి ప్రబంధరత్నాకరమున నుదాహరించిన పద్యములను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తఱచి, మూలములు నశించిన కావ్యముల ఖండములను 1918లో ప్రబంధరత్నావళి యను పేర బ్రకటించిరి. కావ్యము పోయినను బద్యము మిగిలినది; ఆ పద్యమే కావ్య ముండెననుటకు సాక్షి. పళ్లెమును బట్టి చిత్రమును గుర్తించుట యీ మార్గమే.

ఇక రెండవ ప్రశ్న. దొరకినదానికి వెల కట్టుట యెట్లు? ఇచట విమర్శకులు రెండు దోషములకు లోనగుచుందురు. దుర్లభమైనది గనుక నుత్తమమనుట యొకటి. ప్రాచీనమైనది గనుక నపరిణతమనుట మఱియొకటి. మొదటిది తాటాకుకు మ్రొక్కుట. రెండవది తాటాకును విసరివేయుట. పద్యమును జదివిన వా డెవ్వడును లేడు.

"ఫాలో త్రూ"ను డిస్కుపై జూచిన పిమ్మట నాకు దోచిన దిది. కథ మిక్కిలి పలుచనిది. లోరా మూర్ అను యువతి గోల్ఫు క్రీడాప్రవీణ, పోటీలో నోడి, జెఱ్ఱీ డౌన్స్ అను శిక్షకుని నాశ్రయించును, వలపు పుట్టును, సవతిపోరు వంటి దొకటి నడచును, అపార్థములు తొలగి కథ మంగళాంతమగును. నాన్సీ క్యారల్, చార్లెస్ రోజర్స్ అను నాయికానాయకులు చూపునకు ముచ్చటగా నుందురేకాని వారి సంభాషణమున జీవము తక్కువ. ఫోటోయంత్రము చాలచోట్ల నాటకశాలలో ముందువరుస కుర్చీలో గూర్చున్న ప్రేక్షకునివలె గదలక యుండును. శబ్దగ్రహణము క్రొత్తది గావున నాటి చిత్రములు పెక్కింటికి నీ జడత్వము తప్పలేదు. చిత్రము నుత్తమమనుట కివి యన్నియు నడ్డములే.

ఐనను దానిని గొట్టివేయ వీలులేదు. కారణములు రెండు. మొదటిది జాక్ హేలీ, జెల్మా ఓనీల్ అను హాస్యద్వయము. వీరిరువురును రంగస్థలమున నవే పాత్రములను ధరించినవారు. ఆడువారి యెదుట బడగానే వడకు ధనికకుమారుడుగా హేలీ చేయు చేష్టలు మాటలలో జెప్పుటకు లొంగవు. అవి కంటితో జూడవలసినవి. అతడును స్థూలకాయుడగు యూజీన్ పాలెట్టును గొళాయిపనివాండ్రవలె వేషము వేసికొని యాడువారి దుస్తులగదిలో బ్రవేశించు ఘట్టము మన ప్రహసనముల తెగకు జేరినది. రెండవది, చెడుపిల్లగా నుండవలెనని ఓనీల్ పాడు పాట. అందు దేవకన్యల వేషములతో నున్న నర్తకీబృందము చూచుచుండగనే పిశాచముల యెఱ్ఱని వేషములకు మాఱును. ఇచట రంగు అలంకారముకొఱకు వచ్చినది గాదు, హాస్యమునకే యుపకరణమైనది. నలుపుతెలుపుల ప్రతిలో నీ ఘట్టము సగము చచ్చును. కావున "ఫాలో త్రూ" యొక మధ్యమకావ్యము. రెండు ఘట్టములలో నుత్తమము. ఇంతకు మించి చెప్పుటయు దగ్గించి చెప్పుటయు న్యాయముగాదు.

కథ మధ్య బాట వచ్చి కథ నాపుట దోషమని యాధునికులు కొందఱందురు. తెలుగు నాటకప్రేక్షకుని కిది దోషముగ దోపదు. పద్యమునకు వన్స్‌మోరు పడగా జచ్చిన పాత్రము లేచి కూర్చుండి మరల బాడిన ముచ్చట్లు మన పెద్దలు నవ్వుచు జెప్పుకొనెడివారు. యక్షగానమునందును సురభివారి నాటకములందును గథయొక్క నడకకన్న గానముయొక్క నిలుకడకే ప్రేక్షకుడు వచ్చెడివాడు. 1930 ప్రాంతపు హాస్యగీతచిత్రమును జూచుటకు మనకు గల యర్హత యీ సంస్కారమే. ఆ కాలపు టమెరికా ప్రేక్షకులే యొక్క యేడాదిలో వచ్చిపడిన గీతచిత్రముల వఱదకు విసిగి వానిని విడిచిరి. ఆ విసుగే యాచిత్రముల నాశమునకు నొక హేతువు. ఎవరికిని వలయు ననిపించని దానిని భద్రపఱచువా డెవ్వడు?

ఇప్పుడు మన యింటి సంగతి చూతము. ప్రథమాంధ్రభాషణచిత్రములు పౌరాణికములని మన మందఱము చదివియున్నాము. అందుచే మన చలనచిత్రము భక్తిలోబుట్టి, హాస్యమును దరువాత నేర్చుకొన్నదని యొక సిద్ధాంతము తానుగా నిలిచిపోయినది. కాని యీ జిల్లాలు చేరియుండిన నిజాము రాజ్యపు రాజధానియగు హైదరాబాదులో 1922లో ధీరేంద్రనాథ గంగూలీ లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పెను. ఆ వంగీయుడు చిత్రకారుడు, హాస్యనటుడు, కలకత్తాలో 1921లో "బిలాత్ ఫేరత్" అను విదేశాగతుని గుఱించిన ప్రహసనముచే బ్రసిద్ధి కెక్కినవాడు. లోటస్ వారు తీసిన చిత్రములలో "ఇంద్రజిత్తు" వంటి పౌరాణికములతో బాటు "ది లేడీ టీచర్" (1922), "ది మారేజ్ టానిక్" (1923) అను హాస్యచిత్రములును గలవు. 1924లో "రజియాబేగం" అను చిత్రమును బ్రదర్శించిన కారణమున గంగూలీ నిజాము రాజ్యమును విడువవలసి వచ్చెను. అతనితో గంపెనీయు, కాలక్రమమున దాని చిత్రములును బోయినవి.

అవి మూకచిత్రములు గావున దెలుగుచిత్రములని నేననను. కాని తెలంగాణపు రాజధానిలో, టాకీకి బూర్వము తొమ్మిదియేండ్లకే, ఉపాధ్యాయినిని గుఱించియు బెండ్లిని గుఱించియు బ్రహసనములు తీయబడె ననుట సామాన్యవిషయము గాదు. ఆ రెండును నేడు దొరకియుండినచో మన చలనచిత్రచరిత్రయొక్క ప్రథమాధ్యాయమును వేఱుగ వ్రాసెడివారము. నిలిచినదానిని బట్టియే చరిత్ర వ్రాయువాడు, గుడులు రాతివి గనుకను నిండ్లు మంటివి గనుకను బూర్వులు గుడులలోనే కాపురముండిరని చెప్పువానితో సమానుడు. మూకచిత్రయుగపు భారతీయహాస్యమునకు నేడు సాక్ష్యముగ మిగిలినవానిలో 1931నాటి వంగచిత్రము "జమాయిబాబు" ముఖ్యము. పల్లెటూరి యల్లుడు కలకత్తాలో బడు పాట్లే దాని కథ. ఆ యొక్కదానిని జూచినను, దొరకని వానిలో నెంత నవ్వు పోయినదో యూహింపవచ్చును.

చిత్రము లేనిచోట దానిని గుఱించిన వార్తయైన సరిగ నుండవలదా? "భక్తప్రహ్లాద" విషయమున నదియు జాలకాలము లేకపోయినది. హెచ్.ఎం. రెడ్డిగారు దర్శకత్వము వహించిన యీ ప్రథమాంధ్రభాషణచిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని దశాబ్దములపాటు పుస్తకములు వ్రాసినవి, సభలు జరిగినవి, ఆ దినమునే తెలుగు సినిమా పుట్టినరోజుగ బాటించిరి. రెంటాల జయదేవగారు నాటి పత్రికలను బ్రకటనలను బరిశోధించి, సెన్సారువారి యనుమతియే 1932 జనవరి 22న లభించినదనియు, బొంబాయిలోని కృష్ణా సినిమాలో 1932 ఫిబ్రవరి 6న జిత్రము విడుదలయైనదనియు నిరూపించిరి. ఒకరు వ్రాసినదానిని మఱియొకరు, వారిని జూచి వేఱొకరు వ్రాయుటచే నైదునెలల యసత్యము డెబ్బదియేండ్లకు బైగా సత్యమై చెల్లినది. కవుల కాలనిర్ణయమునకై శాసనములను, కృతిభర్తల వంశావళులను బరిశీలించు మనము నిన్నమొన్నటి చిత్రపు తేదీని బరిశీలింపకుండుట సిగ్గుపడదగిన విషయము. ఆ చిత్రమును నేడు చూడలేము. దాని జన్మదినమునైన సరిదిద్దుకొంటిమి.

ఇక జయరాజు. హైదరాబాదు నిజాం కళాశాలలో జదివి, బొంబాయి చేరి, మూకచిత్రములలో నాయకుడై, 1932లో "షికారీ"తో భాషణచిత్రములలో బ్రవేశించి, యించుమించు జీవితాంతము నటుడుగనే యుండి, 1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందుకొని, 2000లో నాతడు గతించెను. దిలీప్ కుమారుని ప్రథమచిత్రములలో నొకటియగు "ప్రతిమ" (1945)కు దర్శకు డితడే. 1963నాటి యాంగ్లచిత్రము "నైన్ అవర్స్ టు రామా"లో ఘనశ్యామదాసు బిర్లా పాత్రమును ధరించినవాడును నితడే. ఐనను గరీంనగరమున నతని పేరు విన్న వారు కొలది. అతని చిత్రమును జూచినవారు మఱి కొలది. అతని రంగస్థలము బొంబాయి, భాష హిందీ యగుట యొక కారణము. దానికన్న సూక్ష్మమైన కారణ మొకటి కలదని నా యభిప్రాయము.

1946లో కార్దార్ తీసిన "షాజహాన్" చిత్రమును దీసికొందము. అందు గుందన్ లాల్ సైగల్ కవిపాత్రము, జయరాజు శిల్పి షీరాజీ పాత్రము, సంగీతము నౌషాదుది. ఆ చిత్రముపేరు చెప్పగనే పెద్దలకు సైగల్ పాట గుర్తునకు వచ్చును. శిల్పి గుర్తునకు రాడు. ఇది నటునిలోపము గాదు. నాటి ప్రేక్షకుడు సినిమాలో నింటికి దీసికొనిపోదగిన భాగము గ్రామఫోను రికార్డొక్కటే. ఆ పిదప రేడియో వచ్చినది. అదియు బాటనే తెచ్చినది. పాడినవాడు ఇంటింట నిలిచెను. పాడనివాడు, ముఖముతోను నడకతోను గన్నులతోను నటించినవాడు, హాలులో దీపములు వెలుగగనే మాయమయ్యెను. మూకచిత్రములలో నారితేఱిన నటునికి, అనగా దేహమే వాక్కైనవానికి, ఇంతకన్న నన్యాయ మేమున్నది? మన చలనచిత్రచరిత్రలు గాయకుల చరిత్రలై యుండుట కీ గ్రామఫోను బిళ్లయే హేతువు.

వీడియో ప్రతి మొట్టమొదట నీ యన్యాయమును సవరించినది. క్యాసెట్టు, వి.సి.డి., డి.వి.డి. అను క్రమమున నది చెవికే గాక కంటికిని జిత్రము నింటికి దెచ్చినది. "షాజహాన్"ను నేడు చూచువాడు పాట ముగిసిన పిమ్మటను జూచును. ఆపి, వెనుకకు ద్రిప్పి, మరల జూచును. పాటలేని ఘట్టమున జయరాజు మాటకుముందు చూపును నిలుపుట, ఎదుటివాడు మాటాడుచుండగా దానూరక వినుచునే నటించుట, మూకచిత్రములు నేర్పిన యాంగికమును మాటల నడుమ విడువకుండుట యప్పుడుగాని తెలియవు. హేలీ హాస్యమును గుఱించి పైన జెప్పినదియు నిదియే. పళ్లెముపై వినిన నతడు సగమే. "గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ బ్రాడ్వే"లో మిగిలిన శబ్దము నర్తకుల పాదములను మనకు జూపజాలదు. గాయకుని గ్రామఫోను రక్షించినట్లు నటుని రక్షించు సాధనము వీడియోయే. కాని యది జయరాజుయొక్క 1929ని దేలేదు; దొరకనిదానిని బ్రతితీయ నెవ్వరి తరము?

ఇచటనే మూడవ ప్రశ్న వచ్చుచున్నది. వీడియో ప్రతియొక్క ప్రామాణ్య మెంత? మనకు సంతలో దొరకు పాతచిత్రముల ప్రతులు పూర్వము సంతలో దొరకిన గుజిలీప్రతుల వంటివి. బాట కొకచో తెగియుండును. దృశ్యములు తాఱుమాఱై యుండును. తెరమూలను వర్తకుని ముద్ర కూర్చుండి నటుని భుజమును గప్పును. మూకచిత్రములగతి మఱింత హీనము. నాడు క్షణమునకు బదునాఱు మొదలు ఇరువదినాలుగు చిత్రములవఱకు వేర్వేఱు వేగములతో నడపిన వానిని భాషణచిత్రములకు నియమితమైన యిరువదినాలుగు వేగముననే త్రిప్పుటచే మహానటులును గీలుబొమ్మలవలె బరుగెత్తుచుందురు. అది చూచి పూర్వుల నటన హాస్యాస్పదమని నవ్వువాడు, తప్పచ్చును జూచి కవికి వ్యాకరణము రాదని నిర్ణయించువాడే.

మంచి ప్రతి యెట్లుండవలెనో "కింగ్ ఆఫ్ జాజ్" చూపినది. 1930లో యూనివర్సల్ వారు పాల్ వైట్‌మన్ వాద్యబృందముతో దీసిన యీ వర్ణచిత్రము 1933లో గుదింపబడి మరల విడుదలయైనది. అటుపిమ్మట బహుకాలము వికలరూపములలోనే చూడబడినది. 2016లో దానిని లభించిన భాగములన్నిటిని గూర్చి పునరుద్ధరించిరి. 2018లో నది బ్లూ-రేగా వచ్చినది. దృశ్యము దొరకనిచోట నిశ్చలఛాయాచిత్రములను నిలిపిరేకాని, లేదన్న సంగతిని దాచలేదు. మన పరిష్కర్తలు గ్రంథపాతమున్నచోట జుక్కలు పెట్టుట యిట్టిదే. మఱియొక విశేషము. నాటి టెక్నికలరు ద్వివర్ణవిధానము. ఎఱుపును బచ్చదనమును మాత్రమే గ్రహించునది. అచ్చపు నీలమును జూపలేదు. ఆ చిత్రమునందలి ప్రధానగీతము పేరో, "రాప్సొడీ ఇన్ బ్లూ", అనగా నీలరాగము! కళాకారులు వెండివన్నెలను బూడిదవన్నెలను గలిపి, పచ్చనినీలముగా దోచునట్లు దానిని సాధించిరి. నేటి యంత్రములతో నచ్చపు నీలము పూయుట సులభము. పూసియుండినచో నది పరిష్కరణము గాక ప్రక్షిప్తమై యుండెడిది. పూయకుండుటయే వారి పాండిత్యము. కావున వీడియో ప్రతి వెలువరించువారు మూలప్రతి యెచటిదో, పొడవెంతయో, వేగమేదో, లోపించిన వేవియో పెట్టెపై ముద్రింపవలెను. అట్లు ముద్రింపని ప్రతి వినోదమునకే కాని విమర్శకు బనికిరాదు.

మన పని యేది? చిత్రములను వెదకుట మన చేతిలో నున్నదా యని సంశయింపవచ్చును. 1919నాటి "బిల్వమంగళ్" అను మూకచిత్రపు ఖండము పారిసునగరపు భాండాగారమున నుండి 2016లో పూనాకు వచ్చినది; దాని నిడివి 594 మీటర్లు, అనగా నించుమించు ఇరువదియెనిమిది నిమిషములు. కలకత్తాలో బోయినది పారిసులో దొరకుటయు సంభవమే. ఆదిలాబాదు గోండుల నడుమ మార్లవాయి గ్రామమున వసించి వారిని గుఱించి వ్రాసిన హైమెండార్ఫ్ పండితుని ఛాయాచిత్రములును జలనచిత్రములును లండనులోని ప్రాచ్యవిద్యాలయమున భద్రముగ నున్నవి. మన సీమ రూపురేఖలను జూచుట కంతదూరము పోవలసివచ్చుట యొక వింతయైనను, పోయిన దొరకు ననుట యొక యాశ.

దూరము పోకయు జేయదగిన పని కలదు. సినిమాహాళ్ల యెదుట నణాలకు నమ్మిన పాటలపుస్తకములు, కథాసంగ్రహములతో నచ్చొత్తించిన కరపత్రములు, గ్రామఫోను పళ్లెములు, పాతపత్రికలలోని ప్రకటనలు మన యిండ్ల యటుకలపై మిగిలియుండవచ్చును. కరీంనగరము, జగిత్యాల, మంథని, నిర్మల, ఆదిలాబాదు పట్టణములలో బాతయిండ్లు పడగొట్టబడుచున్న దినము లివి. తాటాకుకట్టను జూచి యాగు చేయి సినిమాపాటలపుస్తకమును జూచి యాగదు. అది కాగితములవానికి దూకమై పోవును. పోవుచున్నది ప్రబంధరత్నాకరమునకు సమానమైన సామగ్రియని యింటివారికి దెలుపువా రెవ్వరు? మన సంఘము తాళపత్రముల పట్టికతో బాటు చలనచిత్రసామగ్రికి నొక పట్టికను బ్రారంభింపవలెనని నా మనవి. ప్రతి వస్తువునకు బేరు, ఏడు, దొరకిన యూరు, నున్న స్థితి, యీ నాలుగు వ్రాసిన జాలును. తేదీ తప్పును దిద్దుటకు బత్రికాప్రకటన యొక్కటి చాలిన సంగతి పైన జూచితిమి గదా.

జినవల్లభుడు తన యన్నపేరు నిలువవలెనని బండను వెదకెను. జయరాజు పుట్టిన యూర నతనికి బండ యక్కఱలేదు; అతని చిత్రములలో దొరకినవానిని సరియైన ప్రతులనుండి యొక హాలులో వరుసగ బ్రదర్శించి, దొరకనివాని పేళ్లను గోడపై వ్రాసి, "ఇంతవఱకు దెలిసినంతలో" అని క్రింద జేర్చిన జాలును. ఆ మాటను జదివి, తనయింటి యటుకపై జూచి రావలెనని యొక్కని కైన దోచిన, ఆ ప్రదర్శనము వ్యర్థము గాదు.